బాపు కాంటెస్సా: ఆశ్రమానికి కారు ఇవ్వాలా, కారు అమ్మిన డబ్బు ఇవ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. బాపు పోయి ఏడాది దాటింది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అడ్తి నడిపిన రోజుల్లో, 1996లో ఆయన ముచ్చటపడి కొన్న కాంటెస్సా 1.8 పెట్రోల్ బండి హన్మకొండలో మీ ఇంటి షెడ్డులో కవర్ కింద ఉంది. నాలుగేళ్లుగా ఎవరూ స్టార్ట్ చేయలేదు. అమ్ముకోవడానికి అమ్మకు మనసొప్పడం లేదు. కాజీపేట దగ్గరి పిల్లల ఆశ్రమానికి ఇస్తే ఆయన పేరు నిలుస్తుందని ఇంట్లో అనుకున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్న "కారు దానం చేస్తే ట్యాక్స్ కూడా తగ్గుతది" అన్నారు. ఇది మంచి ఆలోచనేనా, ఇవ్వాలంటే ఎట్లా ఇవ్వాలి అని అడిగారు.

ముందు నా జవాబు చెప్తాను. దానం తప్పకుండా చేయండి. కానీ కారును తీసుకెళ్లి ఆశ్రమం ఆవరణలో పెట్టి రావద్దు. దాన్ని ప్రాణంగా చూసుకునే మనిషిని వెతికి మీరే అమ్మండి, వచ్చిన డబ్బంతా బ్యాంకు ద్వారా ఆశ్రమానికి పంపండి. అమ్మే కష్టం మీరు పడాలి, ఆశ్రమం మీద పెట్టకూడదు. కరీంనగర్‌లో ఒక చిన్న ట్రస్టుకు చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. పాత బండ్లతో నా సావాసం అంతకంటే పాతది. దానం తీసుకునేవాళ్ల ఇబ్బంది, బండి మీద మమకారం రెండూ తెలిసే ఈ మాట అంటున్నాను.

ఆశ్రమం నడిపేవాళ్లకు నిజంగా కావాల్సిన బండి ఏమిటి? పది మంది పిల్లలను బడికి దింపాలి, రాత్రిపూట ఎవరికైనా జ్వరం వస్తే ఎంజీఎం ఆస్పత్రికి ఉరకాలి, మార్కెట్ నుంచి బియ్యం బస్తాలు, కూరగాయలు తేవాలి. కాంటెస్సా ఈ పనులకు పుట్టిన బండి కాదు. పెట్రోల్ బాగా తాగుతుంది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. బ్రేకు మాస్టర్ సిలిండర్ పోతే అది దొరికేదాకా బండి కదలదు, వెనక లైటు అద్దం పగిలితే ఎక్కడో ఎవరి షెడ్డులోనో పడి ఉన్న పాత బండి నుంచి తెప్పించుకోవాలి. ఇట్లాంటి బండిలో పిల్లలను రోజూ తిప్పడం నాకైతే అస్సలు ఒప్పు కాదు. కాబట్టి వాళ్లు దాన్ని వాడరు. వాడని బండి చెట్టు కింద నిలబడుతుంది.

చెట్టు కింద నిలబడ్డ బండి ఏమవుతుందో దగ్గరుండి చూశాను. మా ట్రస్టుకు ఒక దాత ఎంతో మంచి మనసుతో ఒక పాత కారు ఇచ్చారు. ఆయన ఇచ్చిన రోజు దానికి పూలదండ వేసి ఫొటో తీశాం. ఆర్సీ చూస్తే వాళ్ల మామగారి పేరు మీద ఉంది, ఆయన అప్పటికే లేరు. వారసుల సంతకాలకు తిరగడంలోనే కాలం గడిచింది. ఈలోపు టైర్లు దిగిపోయాయి, వానలకు ఫ్లోరు తుప్పు పట్టింది, ఎలుకలు వైరింగ్ కొరికేశాయి, వీల్ క్యాపులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కాగితాలు చేతికి వచ్చేసరికి దాన్ని అడిగేవాళ్లు లేరు. చివరికి తుక్కు కింద పోయింది. కొన్నవాడు ఇంజన్ విడిగా, గేరుబాక్సు విడిగా అమ్ముకున్నాడు. దాతకు ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాం. ఆ కారు పాడు కాకముందు సరైన చేతికి అమ్మి ఉంటే మా పిల్లలకు రెండేళ్ల పుస్తకాల ఖర్చు వెళ్లేది.

ఇంకో సంగతి మీ కుటుంబం కోసం చెప్తున్నాను. బండి ఇచ్చేశాం, తాళాలు ఇచ్చేశాం, మనకిక సంబంధం లేదు అనుకోవద్దు. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కేసులో బండి చేతులు మారుతూ పోయినా ఆర్సీలో పేరు మారలేదు. యాక్సిడెంట్ పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న మనిషి మీదనే పడింది. ఆశ్రమం డ్రైవర్ ఎవరినైనా గుద్దితే, బండికి ఇన్సూరెన్స్ లేకపోతే, ఆ నోటీసు మీ ఇంటికే వస్తుంది. దానం ఇచ్చినా, అమ్మినా పేరు మార్పు పూర్తయ్యేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఇక ట్యాక్స్. అన్న చెప్పింది అక్కడి సంగతి. అమెరికాలో పాత కారును దానం ఇవ్వడం మామూలే. సంస్థ వాళ్లే వచ్చి బండి తీసుకెళ్తారు. కానీ అక్కడ కూడా 2005 నుంచి రూల్ గట్టిపడింది. దాత చెప్పిన విలువ 500 డాలర్లు దాటి, సంస్థ ఆ కారును ఊరికే అమ్మేస్తే, ఎంతకు అమ్మారో అంతవరకే మినహాయింపు. దానికి 1098-సి అనే ఫారం ఉంటుంది. సంస్థ ఆ బండిని తన సేవ పనికే గట్టిగా వాడుకుంటేనో, పెద్ద రిపేర్లు చేయించి విలువ పెంచితేనో, పేదవాళ్లకు తక్కువ ధరకు ఇస్తేనో తప్ప మార్కెట్ విలువ మొత్తం చూపించుకోవడం కుదరదు. పైగా అదంతా అమెరికాలో అర్హత ఉన్న సంస్థలకు ఇచ్చినప్పటి మాట. హన్మకొండలో ఉన్న బండిని కాజీపేట ఆశ్రమానికి ఇస్తే అన్నకు అక్కడ పైసా తగ్గదు.

మన దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. దానాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జి డబ్బు రూపంలో ఇచ్చిన దానానికే వర్తిస్తుంది. (2025 నాటి కొత్త ఆదాయ పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు మారాయి, కానీ 80జి అంటేనే అందరికీ తెలుస్తుంది కాబట్టి ఆ మాటే వాడుతున్నాను.) బియ్యం ఇచ్చినా, బట్టలిచ్చినా, కారు ఇచ్చినా మినహాయింపు లేదు. డబ్బులోనూ 2,000 రూపాయలు దాటితే నగదు పనికిరాదు, బ్యాంకు ద్వారానే వెళ్లాలి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే అసలు ఈ మినహాయింపే ఉండదు. కారు ఇస్తే సున్నా, అదే కారు అమ్మి డబ్బు ఇస్తే పాత విధానంలో కొంత.

ఆ "కొంత" ఎంతో కూడా చూద్దాం, పెద్ద ఆశ పెట్టుకోవద్దు. కారుకు ఐదు లక్షలు వచ్చిందనుకోండి, అంతా ఆశ్రమానికి ఇచ్చారు. మీ ఆదాయం పన్నెండు లక్షలు. మామూలు సేవా సంస్థలకు ఇచ్చిన దానంలో ఆదాయంలో పది శాతం వరకే లెక్కలోకి తీసుకుంటారు, అంటే లక్షా ఇరవై వేలు. అందులో సగానికే మినహాయింపు, అంటే అరవై వేలు. ముప్పై శాతం స్లాబులో ఉన్నా మిగిలేది పద్దెనిమిది వేల చిల్లర. మిగతా దానం వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికి లేదు. అందుకే కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో ఇస్తే రెండు ఆర్థిక సంవత్సరాలకూ విడివిడిగా లెక్క కుదురుతుంది. కారు మీ అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి అమ్మ, మీరు ఎవరి వాటా డబ్బు వాళ్ల ఖాతా నుంచి వాళ్లే పంపి, ఎవరి పేరు మీద వాళ్లు రసీదు తీసుకోవచ్చు. ఆశ్రమానికి 80జి అనుమతి ఇప్పుడు అమల్లో ఉందా లేదా ఇచ్చే ముందే అడగండి. పాన్ నంబర్ ఇచ్చి, ఉత్త రసీదుతో సరిపెట్టుకోకుండా ఆదాయ పన్ను పోర్టల్ నుంచి వచ్చే డొనేషన్ సర్టిఫికెట్ అడగండి. ఇన్నాళ్లూ 10బీఈ అని పిలిచేది అదే, మీ ఆడిటర్‌కు తెలుస్తుంది.

అమ్మితే లాభం మీద పన్ను పడుతుందని భయం ఉంటే, సొంతానికి వాడుకున్న కారు మీద క్యాపిటల్ గెయిన్స్ ఉండదు, అది వ్యక్తిగత వస్తువు కిందికి వస్తుంది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్కెట్ యార్డులో చాలామంది వ్యాపారులు కారును అడ్తి ఫర్మ్ పేరు మీద కొని ఏటా తరుగుదల రాసుకునేవారు. బాపు కూడా అట్లా చేసి ఉంటే అది వ్యాపార ఆస్తి. లెక్క పూర్తిగా వేరు, జీఎస్టీ మాట కూడా వస్తుంది. అందుకే అన్నిటికంటే ముందు ఆర్సీ తీసి పేరు ఎవరిదో చూడండి. ఫర్మ్ పేరు కనబడితే ఆ పాత ఆడిటర్ దగ్గరికి వెళ్లకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు.

ఆర్సీ బాపు పేరు మీదనే ఉంటే, ఓనర్ చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలని రూలు. మీకు ఏడాది దాటింది. టెన్షన్ పడకండి, ఆలస్యానికి కట్టాల్సింది కట్టి ఇప్పుడైనా చేయించుకోవచ్చు. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు కావాలి. అన్న అమెరికా నుంచి పంపాల్సిన కాగితమే అన్నిటికంటే ఆలస్యం అవుతుంది, దాన్ని ముందు మొదలుపెట్టండి. నా సలహా, బండిని అమ్మ పేరు మీదికి మార్పించండి. భర్త కారు తన పేరు మీదికి వచ్చి, తన సంతకంతోనే మంచి పనికి వెళ్లిందంటే ఆమెకు అది వేరుగా ఉంటుంది.

1996 బండి కాబట్టి పదిహేనేళ్ల తొలి గడువు 2011లో అయిపోయింది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. నాలుగేళ్లుగా కదలని బండికి అది కూడా దాటిపోయి ఉండొచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నట్టు పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లు రోడ్డెక్కకూడదన్న నిషేధం మన తెలంగాణలో లేదు. తనిఖీలో పాసైతే మళ్లీ ఐదేళ్లు వస్తుంది. ఫీజులు మాత్రం 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. ఆర్సీ బతికి ఉన్న కాంటెస్సాకు, గడువు దాటిన కాంటెస్సాకు ధరలో చాలా తేడా వస్తుంది కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు. "వింటేజ్ కింద రాయించండి, విలువ పెరుగుతది" అని ఎవరైనా చెప్తే వినకండి. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ యాభై ఏళ్లు దాటిన బండ్లకే. మీ బండికి ఆ వయసు 2046లో వస్తుంది.

ఇక బండి సంగతి. ఈ భాగం చదివేటప్పుడు అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

కాంటెస్సా మామూలు పాత కారు కాదు. ఇంగ్లండ్ వాక్స్‌హాల్ విక్టర్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసింది. మొదట్లో దానికి అంబాసిడర్‌లోని 1.5 లీటర్ ఇంజనే పెట్టారు, అంత పెద్ద బాడీకి ఆ బలం చాలలేదు. తర్వాత ఇసుజు 1.8 ఇంజన్, ఐదు గేర్ల బాక్సు వచ్చాకనే ఆ పొడవాటి బానెట్‌కు తగిన పరుగు వచ్చింది. వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండి, ఇంజన్‌లో ఇంకా పని చేయించుకోవడానికి చోటున్న బండి. 2002లో తయారీ ఆగిపోయింది. ఇప్పటి కుర్రవాళ్లు దాన్ని మన దేశపు మజిల్ కారు అని పిలుస్తూ వెతుక్కుంటున్నారు. అందులోనూ ఒకే చేతి మీద నడిచి, ఏపీ 36 నంబర్‌తో ఇంకా మీ షెడ్డులోనే ఉన్న బండి అంటే ఇష్టపడేవాళ్లు దొరుకుతారు.

ముందు చేయాల్సింది ఏమీ చేయకపోవడం. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టవద్దు. నాలుగేళ్ల పెట్రోల్ ట్యాంకులో జిగురుగా మారి ఉంటుంది, అది కార్బొరేటర్‌లోకి వెళ్తే ఖర్చు రెట్టింపు. ట్యాంకు ఖాళీ చేయించి కడిగించాలి, పెట్రోల్ పైపులు మార్పించాలి, ఇంజన్ ఆయిల్, కూలెంట్ కొత్తవి పోయించాలి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి చేత్తో ఇంజన్ తిప్పి చూడాలి. బ్రేకులు పట్టేసి ఉంటే చక్రాలు తిరగవు. తాడు కట్టి లాగకుండా రికవరీ వ్యాన్ మీద ఎక్కించండి. వైరింగ్ ఎలుకలు కొరికాయేమో చూసి తర్వాతే బ్యాటరీ కలపాలి. వరంగల్‌లో కాంటెస్సాలు చేసిన పాత మెకానిక్‌లు ఇంకా ఉన్నారు, బాపు ఎవరి దగ్గర చేయించేవారో అమ్మను అడగండి. ఆ బండి రోగాలు ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియవు.

పెయింట్ వేయించవద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. అమ్మే ముందు మెరిపిద్దామని చాలామంది కొత్త రంగు కొట్టిస్తారు. తెలిసిన కొనుగోలుదారుకు కొత్త రంగు అంటే అనుమానమే, కింద తుప్పు దాచారనుకుంటాడు. వెలిసినా సరే ఫ్యాక్టరీ రంగుకే విలువ. అల్లాయ్ వీల్స్, కొత్త స్టీరింగ్, కొత్త సీటు కవర్లు ఏవీ వద్దు. దుమ్ము కడిగి డోర్ల కింది అంచులు, డిక్కీలో స్టెప్నీ కింద, కార్పెట్ ఎత్తి ఫ్లోరు ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీయండి. తుప్పు కనబడితే అది కూడా చూపించండి. ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతో సరిపోయాయా చూడండి. 1996 నాటి బిల్లు, సర్వీసు పుస్తకం, రెండో తాళం చెవి, టూల్ కిట్, జాకీ ఏ సందుకలో ఉన్నా వెతికి తీయండి. వీటితో వచ్చే ధర కొత్త పెయింటుతో రాదు.

ధర కోసం ఊళ్లో సెకండ్ హ్యాండ్ బ్రోకర్‌ను అడగవద్దు. ఆయన బండి వయసు చూసి తుక్కు కంటే కొంచెం ఎక్కువ చెప్తాడు, అది ఆయన తప్పు కాదు, ఆయన మార్కెట్ అదే. హైదరాబాద్‌లో పాత బండ్లు నిలబెట్టుకునేవాళ్లు, కాంటెస్సాలే ఏరి కొనేవాళ్లు ఉన్నారు. కనీసం ముగ్గురితో మాట్లాడండి. కొనేవాడిని మీరు కూడా ప్రశ్నలు అడగండి. ఇంతకుముందు ఏ బండ్లున్నాయి, దీన్ని ఎక్కడ పెడతాడు, ఎవరితో పని చేయిస్తాడు? తన దగ్గర సగం విప్పిన కాంటెస్సా ఇంకొకటి ఉందంటే మీ బండి విడిభాగాల కోసం కావచ్చు, జాగ్రత్త. ఆశ్రమానికి వెళ్లే డబ్బని చెప్పడానికి మొహమాటపడకండి. మంచి మనిషి ఆ మాట వింటే గీచి గీచి బేరమాడడు.

డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. బండి పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద ఉత్త సంతకాలు పెట్టి ఇవ్వకుండా, పేరు మార్పు దరఖాస్తు మీ ఎదురుగా పెట్టాకే బండి కదలనివ్వండి. బండి ఇచ్చిన తేదీ, గంట రాసిన కాగితం మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. కొనేవాడు మహారాష్ట్రనో కేరళనో అయితే ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) మీరే తీసి ఇవ్వాలి.

బండిని బండిగానే ఇవ్వాలని అమ్మ పట్టుబడితే రెండు చోట్లే నాకు తోస్తున్నాయి. ఒకటి మ్యూజియం. కోయంబత్తూరులో జి.డి. నాయుడు చారిటీస్ వాళ్ల జీడీ కార్ మ్యూజియం, హర్యానాలోని తావడూలో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం లాంటివి ఉన్నాయి. అవి మంచి చోట్లు, కానీ కాంటెస్సా అరుదైన బండి కాదు కాబట్టి వాళ్లు తీసుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఫొటోలు పంపి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లండి. రెండోది మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉన్న ఐటీఐ, లేదా పాలిటెక్నిక్. కార్బొరేటర్, గేరుబాక్సు, వెనక యాక్సిల్ విప్పి చూపించడానికి ఇది చాలా మంచి బండి. కానీ పిల్లలు నేర్చుకోవడానికి దాన్ని విప్పుతారు, ఒక్కోసారి కోసి లోపల చూపిస్తారు. అమ్మ దానికి ఒప్పుకుంటేనే ఇవ్వండి. ఎక్కడ ఇచ్చినా గిఫ్ట్ డీడ్ రాసుకోండి, తీసుకునే సంస్థ తీర్మానం కాపీ అడగండి, ఆర్సీ మార్పు మీరే దగ్గరుండి చేయించండి.

బాపు పేరు నిలవాలన్నది అసలు కోరిక కదా, అది డబ్బుతో ఇంకా బాగా జరుగుతుంది. డబ్బు పంపేటప్పుడు "ఇది కార్పస్ కింద ఉంచాలి, దీని వడ్డీ పిల్లల చదువుకు వాడాలి" అని ఉత్తరం జతచేయండి. అట్లా రాసి ఇస్తే అసలు సొమ్మును ముట్టుకోకుండా ఏటా వడ్డీ ఖర్చు చేసేలా ఆశ్రమం లెక్కలు రాసుకుంటుంది. లేదంటే వాళ్లకు నిజంగా కావాల్సిన సెకండ్ హ్యాండ్ వ్యాను కొనడానికి ఇవ్వండి, దాని మీద బాపు పేరు రాయించమని అడగండి. వ్యాను ఖర్చు ఎంతవుతుందో, డ్రైవర్ జీతం ఎవరు ఇస్తారో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

అన్న కూడా కొంత కలుపుతానంటే ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకోండి. భారత పాస్‌పోర్టే ఉంటే తన ఖాతా నుంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే. ఆశ్రమానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో వాళ్లకున్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ఆ నమోదు లేని ఆశ్రమానికి ఆయన నేరుగా పంపితే చిక్కుల్లో పడేది ఆశ్రమమే. కారు అమ్మకంలో అన్న వాటా అనకుండా, అఫిడవిట్‌లోనే తన హక్కు అమ్మకు వదిలేస్తే ఈ గొడవే రాదు.

ఆర్సీ మీద పేరు, చివరి రెన్యూవల్ తేదీ, ఇంజన్ బే, ఫ్లోరు ఫొటోలు పెట్టండి. మెకానిక్ దగ్గరికి పంపే ముందు ఏం చెప్పాలో, ఎంత ధర నుంచి మొదలుపెట్టాలో వాటిని చూసి చెప్తాను.